క్లే షూటింగ్‌కు చౌక తూటా: ఎక్కడ తగ్గించుకోవచ్చు, ఎక్కడ తగ్గకూడదు

తుపాకీ ఖర్చు ఒక్కసారితో తీరిపోతుంది. తూటాల ఖర్చు ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఉంటుంది. అందుకే క్లే షూటింగ్ (గాలిలోకి విసిరే చిన్న పళ్లేల్లాంటి క్లేలను తుపాకీతో పగలగొట్టే ఆట) కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఆయుధ దుకాణంలో ముందుగా అడిగేది "అన్నిటికంటే తక్కువ ధరది ఏది?" అనే. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. కాకపోతే కట్టే ధరలో ఏ భాగం క్లేను పగలగొట్టడానికి పనికొస్తోందో, ఏ భాగం పెట్టె మీది రంగులకూ మెరిసే ఇత్తడి అడుగుకూ పోతోందో తెలుసుకుని అడగాలి. తూటా రెండు రకాలుగా చౌక అవుతుంది. అక్కర్లేనివి తీసేస్తే ఒక రకం, అవసరమైనవి తీసేస్తే మరో రకం. పెట్టె పైనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. వాటిని విడదీసి చూడటమెలా అన్నదే ఇక్కడ విషయం.

ధరకంటే ముందు లెక్క చూసుకోవాలి. క్లే షూటర్‌కు దూరంగా పోయే ట్రాప్, క్లేలు ఎదుట అడ్డంగా దాటే స్కీట్, ఈ రెండింట్లోనూ అంతర్జాతీయ పోటీ 125 టార్గెట్లకు జరుగుతుంది. 25 చొప్పున 5 రౌండ్లు. స్కీట్‌లో ఒక్కో క్లేకు ఒక్కటే తూటా, కాబట్టి రౌండుకు కచ్చితంగా 25. ట్రాప్ క్వాలిఫికేషన్‌లో మొదటి దెబ్బ తప్పితే రెండోది కొట్టవచ్చు, కాబట్టి రౌండుకు 25 నుంచి 50 దాకా ఎంతైనా కావచ్చు. నేర్చుకునే రోజుల్లో మొదటి దెబ్బలు తప్పేవే ఎక్కువ గనుక ట్రాప్ నేర్చుకునేవారి ఖర్చు స్కీట్ నేర్చుకునేవారి ఖర్చుకు దాదాపు రెట్టింపు దగ్గరకు పోతుంది. ట్రాప్ సాధనలో సగం రౌండ్లు ఒక్క తూటానే వేసుకుని కొడితే ఈ భారం ఒక్కసారిగా దిగుతుంది. పోటీ ఫైనల్లో ఎలాగూ ఒక్కటే దెబ్బ. రెండో తూటా ఉందన్న ధీమాతో మొదటి దెబ్బను తొందరపడి వదిలేసే అలవాటు కూడా దీంతో తగ్గుతుంది. ఏ బ్రాండు మార్చినా ఇంత ఆదా రాదు.

ప్రయాణం లెక్క కూడా ఇందులో కలపాలి. విజయవాడ నుంచి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలోని షూటింగ్ రేంజ్‌కు వెళ్లి రావాలంటే 550 కిలోమీటర్ల పైమాటే. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారుకు 37 లీటర్ల పెట్రోలు పడుతుంది. లీటరు 110 రూపాయల చొప్పున 4,000 రూపాయలు దాటుతుంది. టోల్, రేంజ్ రుసుము, క్లేల ధర వేరే. ఉదాహరణకు ఒక తూటా 60 రూపాయలు, ఇంకొకటి 80 అనుకుందాం. 100 తూటాలకు మిగిలేది 2,000. ఆ 2,000 కోసం సరిగా పేలని సరుకు పట్టుకెళితే ఆ రోజు ప్రయాణ ఖర్చంతా వృథా. పైగా క్లే పగలకపోవడానికి కారణం తన గురా, తూటానా అన్నది షూటర్‌కు తెలియకుండా పోతుంది. సాధనకు ఇంతకుమించిన నష్టం లేదు. అదే 60 రూపాయల తూటా నిలకడైనదైతే 80 రూపాయలది కొనడం దండగ.

దుకాణంలో దొరికేవన్నీ క్లేకు పనికొచ్చేవి కావు

మన దగ్గర 12 బోర్ (నాళం లావు కొలత) లైసెన్సుల్లో ఎక్కువ భాగం ఆత్మరక్షణకూ పంట కాపలాకూ తీసుకున్నవే. దుకాణాల అల్మారాల్లో కనిపించే సరుకు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. ఎల్‌జీ, ఎస్‌జీ, బీబీ, ఆ తర్వాత 1, 2, 4, 6 నంబర్లు. ఇవి తూటాలోని పెల్లెట్ల (చిన్న సీసపు గుండ్ల) కొలతలు, పెద్దది మొదలుకుని చిన్నది దాకా. పుణె దగ్గర ఖడ్కీలో 1869లో మొదలైన మందుగుండు కర్మాగారం తయారుచేసే శక్తిమాన్ తూటాలు తరతరాలుగా అందరికీ తెలిసినవే. ఆ కర్మాగారం 2021 అక్టోబరు నుంచి మ్యూనిషన్స్ ఇండియా లిమిటెడ్ కింద నడుస్తోంది. సరుకు మంచిదా కాదా అన్నది వేరే మాట. పెద్ద పెల్లెట్ల తూటా క్లే షూటింగ్‌కు తగినది కాదు.

దీనికి రెండు కారణాలున్నాయి. మొదటిది నిబంధన. అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య నియమాల ప్రకారం పెల్లెట్ల మొత్తం బరువు 24.5 గ్రాములు మించకూడదు, ఒక్కో పెల్లెట్ వ్యాసం 2.6 మిల్లీమీటర్లు మించకూడదు, కేసు (తూటా గొట్టం) పొడవు 70 మిల్లీమీటర్లు దాటకూడదు. రెండోది భద్రత. పెల్లెట్ పెద్దదయ్యేకొద్దీ దూరం పోతుంది. 2.4 మిల్లీమీటర్ల పెల్లెట్ గాలిలో 200 మీటర్ల అటూ ఇటూ పోయి నేలకు రాలుతుంది. ఎస్‌జీ పెల్లెట్ 600 మీటర్లు దాటి పోగలదు. క్లే రేంజ్ వెనక ఖాళీ స్థలాన్ని చిన్న పెల్లెట్ల లెక్కతోనే వదులుతారు. కాబట్టి ఇంట్లో పాత ఎస్‌జీ పెట్టె మిగిలి ఉందని రేంజ్‌కు తీసుకెళ్లడం ఆదా కాదు, అపాయం.

నంబర్ల దగ్గర ఒక చిక్కుంది. ఒకే కొలత పెల్లెట్‌కు దేశాన్ని బట్టి నంబరు మారుతుంది. 2.4 మిల్లీమీటర్లను ఇంగ్లండ్‌లో 7 అంటే అమెరికాలో 7½ అంటారు. ఇటలీ లెక్క మళ్లీ వేరు, 2.0 మిల్లీమీటర్లు వాళ్లకు 9½. విదేశీ తూటా కొనేటప్పుడు నంబరును పక్కనబెట్టి పెట్టె మీద మిల్లీమీటర్లు చూస్తే సరిపోతుంది. ట్రాప్‌కు 2.3 లేదా 2.4, స్కీట్‌కు 2.0. ఇంతకుమించి గుర్తుపెట్టుకోవాల్సింది లేదు.

24 గ్రాముల్లో ఏముంది

సీసపు పెల్లెట్ 2.4 మిల్లీమీటర్లదైతే ఒక్కోటి సుమారు 0.08 గ్రాములు. అంటే 24 గ్రాముల్లో దాదాపు 300 ఉంటాయి. 2.0 మిల్లీమీటర్లదైతే ఒక్కోటి 0.046 గ్రాములు, మొత్తం 510కి పైనే. స్కీట్‌లో క్లేలు ఒకదాన్నొకటి దాటే చోటు షూటర్‌కు 20 మీటర్ల దగ్గర్లో ఉంటుంది కాబట్టి చిన్న పెల్లెట్లకు అక్కడిదాకా బలం చాలు. ఎక్కువ ఉండటం లాభం. ట్రాప్‌లో షూటర్ నిలబడే చోటు క్లేలు విసిరే యంత్రాలుండే గుంతకు 15 మీటర్ల వెనక. క్లే బయటికొచ్చి తుపాకీ పేలేసరికి దూరం 32 నుంచి 36 మీటర్లు అవుతుంది. తేలిక పెల్లెట్ అంతదూరంలో వేగం త్వరగా పోగొట్టుకుంటుంది. అందుకని ట్రాప్‌లో 2.0 పెల్లెట్లు కొడితే క్లే మీద దుమ్ము లేస్తుంది, ముక్క మాత్రం ఊడదు. ముక్క ఊడకపోతే స్కోరు లేదు.

ఇప్పుడు అసలు లెక్క. నాళం మూతి దగ్గర సన్నబడే భాగాన్ని చోక్ అంటారు. బాగా బిగువైన ఫుల్ చోక్ ఉన్న బ్యారెల్ 36.5 మీటర్ల దూరంలో 75 సెంటీమీటర్ల వృత్తంలోకి 70 శాతం పెల్లెట్లను పంపాలి. ప్రామాణికమైన కొలత అది. 300లో 70 శాతం అంటే 210. ఆ వృత్తం వైశాల్యం సుమారు 4,400 చదరపు సెంటీమీటర్లు. అంటే సగటున 21 చదరపు సెంటీమీటర్లకు ఒక పెల్లెట్. క్లే వ్యాసం 11 సెంటీమీటర్లు, ఎత్తు రెండున్నర. పూర్తిగా ముఖం చూపిస్తే 95 చదరపు సెంటీమీటర్లు, నాలుగైదు పెల్లెట్లు తగులుతాయి. కానీ ట్రాప్‌లో క్లే షూటర్‌కు దూరంగా పోతూ ఎక్కువగా అంచునే చూపిస్తుంది. ఆ అంచు వైశాల్యం 25 చదరపు సెంటీమీటర్ల లోపే. సగటున ఒకటి, మహా అయితే రెండు పెల్లెట్లు. వృత్తం మధ్యలో సాంద్రత ఎక్కువ ఉంటుంది కాబట్టే గురి బాగున్నప్పుడు క్లే పగులుతుంది. ఇంత సన్నటి అంచు మీద నడిచే ఆటలో 30 పెల్లెట్లు దారితప్పినా తేడా తెలుస్తుంది.

ఆ 30 దారితప్పడానికి కారణం చాలాసార్లు సీసం మెత్తదనమే. మందు అంటుకోగానే పెల్లెట్లు ఒక్క కుదుపుతో ముందుకు తోసుకుంటాయి. అడుగున ఉన్నవి పైవాటి బరువు కింద నలుగుతాయి. చోక్ దగ్గర మళ్లీ ఒకసారి నొక్కుకుపోతాయి. గుండ్రంగా ఉన్న పెల్లెట్ తిన్నగా పోతుంది. నలిగి చదునైనది గాలిలో పక్కకు తిరుగుతుంది, వెనకబడుతుంది. ఇది జరగకుండా సీసంలో ఆంటిమొనీ కలుపుతారు. మంచి పోటీ తూటాల్లో 3 నుంచి 5 శాతం, కొన్నింట్లో అంతకుమించి ఉంటుంది. చవకవాటిలో 1 లేదా 2 శాతం. ఆంటిమొనీ సీసంకంటే ఖరీదైనది. తయారీదారు ధర తగ్గించాలనుకున్నప్పుడు ముందు చేయి పడేది దాని మీదే, ఎందుకంటే అది కొనేవారి కంటికి కనిపించదు. ధరలో రాజీపడకూడని చోటు ఏదైనా ఉందంటే ఇదే. పెట్టె మీద ఆంటిమొనీ శాతం అచ్చువేసిన తూటాకు, ఏమీ చెప్పని తూటాకు పది రూపాయలు తేడా ఉంటే ట్రాప్ కోసం మొదటిదే తీసుకోవాలి. స్కీట్‌కు ఈ పట్టింపు తక్కువ. దూరం దగ్గర, బ్యారెల్‌కు చోక్ దాదాపు ఉండదు, నాలుగు పెల్లెట్లు చెదిరితే స్కీట్‌లో పెద్దగా నష్టం లేదు. సాధన స్కీట్ తూటాను నిశ్చింతగా చవకది కొనవచ్చు.

డబ్బు ఊరికే పోయే చోట్లు

వేగం మొదటిది. పెట్టె మీద సెకనుకు ఇన్ని మీటర్లని పెద్ద అక్షరాలతో వేస్తారు. 24 గ్రాముల తూటాలు సాధారణంగా 400 మీటర్ల అటూ ఇటూ ఉంటాయి. 30 మీటర్లు ఎక్కువ వేగం ఉన్నది కొంటే ఒరిగేదేమిటి? 35 మీటర్ల దూరానికి పెల్లెట్లు చేరే సమయంలో తేడా సెకనులో వెయ్యోవంతులు ఆరేడు. ఆ కాసేపట్లో అడ్డంగా పోయే క్లే కదిలేది పదిహేను సెంటీమీటర్లు, జానెడు కూడా కాదు. ట్రాప్‌లో క్లే పూర్తిగా అడ్డంగా పోదు కాబట్టి అది ఇంకా తక్కువ. వేగం కోసం ఎక్కువ చెల్లించడంకంటే ప్రతి తూటా ఒకే వేగంతో పోతుందా అన్నది చూసుకోవడం మంచిది. మీద పడే ఒత్తిడి పెరిగి పెల్లెట్లు మరింత నలగడం వేగపు తూటాలకు ఉన్న మరో చిక్కు.

బరువు రెండోది. 28 గ్రాముల తూటా ఎక్కువ పెల్లెట్లు పంపుతుంది నిజమే. కానీ పోటీలో దానికి అనుమతి లేదు. 3.5 కిలోల తుపాకీతో, ఒకే వేగంతో లెక్కవేస్తే 28 గ్రాముల తూటా వెనక్కి తన్నే శక్తి 24 గ్రాములదానికంటే దాదాపు 30 శాతం ఎక్కువ. రోజుకు వంద కాల్చేసరికి భుజం సంగతి అటుంచి, ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూసుకునే జబ్బు పట్టుకుంటుంది. అది వదిలించుకోవడానికి నెలలు పడుతుంది. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ షూటర్ కైనన్ చెనాయ్ ట్రాప్ టీమ్ స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం గెలిచింది ఈ 24 గ్రాముల పరిమితిలోనే. కొత్తవాళ్లకూ పిల్లలకూ 21 గ్రాములు దొరికితే ఇంకా మేలు. కాకపోతే సెమీ ఆటోమేటిక్ తుపాకీ ఉన్నవారు ఒకటి గమనించాలి. తేలిక తూటాకు కొన్ని సెమీ ఆటోమేటిక్‌లు ఖాళీ కేసును బయటికి విసరవు. ముందు పది తూటాలు కాల్చి చూశాకే పెట్టెలు కొనాలి. రెండు నాళాల తుపాకీకి ఈ బాధ లేదు.

ఇత్తడి అడుగు ఎత్తు మూడోది. 8 మిల్లీమీటర్లున్నా, 16 ఉన్నా క్లే పగలడంలో మార్పు లేదు. కాగితపు కేసుల కాలంలో ఎత్తైన ఇత్తడికి పని ఉండేది. నేటి ప్లాస్టిక్ కేసుకు అది అలంకారం. పైగా చాలావాటిలో అది ఇత్తడి కూడా కాదు, ఇత్తడి పూత వేసిన ఉక్కు. దానివల్ల వచ్చే ఇబ్బంది గురించి కింద వస్తుంది.

సీసం బదులు ఉక్కు పెల్లెట్లున్న తూటాలు ఈమధ్య విదేశీ సరుకులో ఎక్కువయ్యాయి. యూరప్‌లో సీసం మీద ఆంక్షలు పెరగడమే దానికి కారణం. ధర తక్కువగా కనిపించినా పాత డబుల్ బ్యారెల్‌లో, అందులోనూ ఫుల్ చోక్ ఉన్నదానిలో అవి వాడకూడదు. ఉక్కు నలగదు, చోక్ దగ్గర బ్యారెలే ఉబ్బుతుంది.

చాంబర్ కొలత: తాతల నాటి తుపాకీ ఉన్నవారికి

గుంటూరు, కృష్ణా జిల్లాల్లో వారసత్వంగా వచ్చిన డీబీబీఎల్‌లు (రెండు నాళాల తుపాకులు) తక్కువేమీ కాదు. లైసెన్సు పుస్తకంలో 12 బోర్ అని మాత్రమే ఉంటుంది. చాంబర్ (నాళంలో తూటా కూర్చునే వెనక భాగం) పొడవు ఉండదు. పాత తుపాకుల్లో అది 65 మిల్లీమీటర్లు కావచ్చు, అంటే రెండున్నర అంగుళాలు. నేటి క్లే తూటా 70 మిల్లీమీటర్లు. చవక తూటా అన్వేషణ ప్రమాదంగా మారేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చూడాలి.

పెట్టె మీద వేసే 70 మిల్లీమీటర్ల అంకె కాల్చిన తర్వాతి కేసు పొడవు. కాల్చకముందు మూతి నక్షత్రంలా లోపలికి మడిచి ఉంటుంది కాబట్టి తూటా 58 లేదా 59 మిల్లీమీటర్లే ఉంటుంది. అందుకే 65 చాంబర్‌లోకి సుఖంగా దూరుతుంది, తుపాకీ కూడా చక్కగా మూసుకుంటుంది. దూరింది కదా, సరిపోయింది అనుకుంటారు. ట్రిగ్గర్ నొక్కాక మడత విప్పుకుంటుంది. విప్పుకోవడానికి చాంబర్‌లో చోటు లేక ఆ అంచు ముందున్న సన్నని మెడలోకి చొచ్చుకుపోతుంది. పెల్లెట్లూ, వాటికీ మందుకూ మధ్య ఉండే అడ్డు అయిన వాడ్ కూడా ఆ ఇరుకులోంచే తోసుకుని పోవాలి. పీడనం అమాంతం పెరుగుతుంది. తుపాకీ ఒక్క దెబ్బకు పగలకపోవచ్చు. కానీ తన్ను విపరీతంగా ఉంటుంది, తాళం వదులవుతుంది, కేసు మూతి చిరిగి పీచులుగా బయటికి వస్తుంది. కాల్చిన కేసు అంచు చిరిగి, కాలినట్టు నల్లబడి ఉంటే అక్కడితో ఆపేయాలి.

బ్యారెళ్లు విప్పి కింది చదును భాగం చూస్తే 12/70 అనో, 70 అనో, 2¾ అనో గుర్తు ఉంటుంది. ఏ గుర్తూ లేకపోతే 65 అనుకోవడమే క్షేమం. తుపాకీ మరమ్మతు లైసెన్సున్నవారి దగ్గర చాంబర్ గేజ్‌తో కొలిపించుకోవాలి. స్కేలు లోపలికి పెట్టి ఇంట్లో కొలిస్తే మెడ ఎక్కడ మొదలైందో కంటికి ఆనదు. ప్రామాణిక 12 బోర్ తూటాకు యూరప్ ప్రమాణాల్లో గరిష్ఠ సగటు పీడనం 740 బార్లు. ఎక్కువ శక్తి తూటాలకు అది 1,050. రెండోరకానికి పరీక్షించిన గుర్తు లేని తుపాకీలో అవి పెట్టకూడదు.

12 బోర్ సంచిలో 20 బోర్ తూటా ఎప్పుడూ కలవకూడదు. 20 బోర్‌ది 12 చాంబర్‌లోకి జారి, మెడ దగ్గర ఇరుక్కుంటుంది. ఖాళీగా ఉందనుకుని వెనకాల 12 పెట్టి కాలిస్తే బ్యారెల్ చీలిపోతుంది, ముందు చేతిని పట్టుకున్నచోటనే. 20 బోర్ కేసులు పసుపు రంగులో చేసేది ఇందుకే. ఇంట్లో రెండు బోర్లూ ఉన్నవారు రేంజ్‌కు ఒక్కటే తీసుకెళ్లాలి.

కాగితం మీద పరీక్ష

రెండు మూడు రకాల తూటాలు ధరలో నచ్చాయనుకుంటే ఏది మంచిదో తేల్చడానికి స్నేహితుల అభిప్రాయాలకంటే కాగితం నమ్మకమైనది. రేంజ్ అధికారి అనుమతి తీసుకుని, 120 సెంటీమీటర్ల చదరంలో బ్రౌన్ పేపరు లేదా అంటించిన న్యూస్‌ప్రింట్ చట్రానికి బిగించాలి. ట్రాప్ అయితే 35 మీటర్లు, స్కీట్ అయితే 20 మీటర్లు. నడిమధ్య చుక్క పెట్టి, పోటీలో వాడే బ్యారెల్‌తో, వాడే చోక్‌తోనే కాల్చాలి. ఒక్కో రకానికి కనీసం 5 తూటాలు, ఒక్కోదానికి కొత్త కాగితం. ఒక్కటి కాల్చి తీర్పు చెప్పడం కుదరదు. ఎంత మంచి తూటా అయినా దెబ్బదెబ్బకూ కొంత మారుతుంది.

తర్వాత రంధ్రాలు దట్టంగా ఉన్నచోటు కేంద్రంగా, 37.5 సెంటీమీటర్ల దారానికి పెన్సిలు కట్టి వృత్తం గీయాలి. లోపలివి లెక్కపెట్టి, మొత్తం పెల్లెట్లలో ఎంత శాతమో చూడాలి. రెండు రకాల సగటు మధ్య 5 శాతం లోపు తేడా ఉంటే అది తేడా కాదు, చవకది కొనేయవచ్చు. అంతకుమించితే ఆలోచించాలి. లెక్కకంటే కూడా పనికొచ్చే పని మరొకటి ఉంది. అట్టముక్కను 11 సెంటీమీటర్ల పొడవు, రెండున్నర వెడల్పుతో కత్తిరించి కాగితం మీద జరుపుతూ పోవాలి. ఆ ముక్క కింద ఒక్క రంధ్రమూ లేని చోట్లు వృత్తంలో ఎన్ని ఉన్నాయో చూడాలి. క్లే అంచు తప్పించుకుపోయే సందులు అవే. మెత్తని సీసం తూటాలో ఈ సందులు ఎక్కువ, వృత్తం బయట ఒంటరిగా చెదిరిన రంధ్రాలు ఎక్కువ. డబుల్ బ్యారెల్‌లో సాధారణంగా కుడినాళం చోక్ తక్కువ, ఎడమది ఎక్కువ. రెండింటినీ విడివిడిగా చూడాలి. ఒక నాళానికి నచ్చిన తూటా రెండోదానికి నచ్చకపోవడం మామూలే.

కాల్చకుండా చేసే పరీక్ష కూడా ఒకటుంది. నగలు తూచే, 0.1 గ్రాము చూపే చిన్న కాటా మీద ఒకే పెట్టెలోని 10 తూటాలు తూచాలి. అతి బరువైనదానికీ అతి తేలికైనదానికీ తేడా గ్రాము దాటితే ఆ పెట్టెను పోటీకి ఉంచుకోకూడదు. చెవి దగ్గర ఊపితే గలగలమంటే మడత సరిగా బిగియలేదన్నమాట. బొటనవేలితో నొక్కితే నక్షత్రం లోపలికి దిగినా అంతే. అలాంటివి సంచిలో పెల్లెట్లు రాల్చుకుంటాయి. తేలికైపోయిన తూటా బలహీనంగా పేలుతుంది.

తప్పిదాలు, వాటి కారణాలు

"ధన్" అనాల్సిన చోట "ఫుస్" అంటే కాల్చడం ఆపేయాలి. మందు సరిగా అంటుకోక వాడ్ నాళంలోనే ఆగిపోయి ఉండవచ్చు. తుపాకీ తెరిచి, తూటాలు తీసి, నాళంలోంచి వెలుతురు కనిపిస్తుందో లేదో చూడకుండా రెండోది పెట్టకూడదు. పోటీలో అయితే తెరవకుండా నాళాన్ని రేంజ్ వైపే ఉంచి చెయ్యెత్తాలి. రిఫరీ వచ్చి చూస్తారు. అసలు పేలకపోతే కనీసం 30 సెకన్లు నాళాన్ని అటే పట్టుకుని ఆగాలి, ఆలస్యంగా అంటుకునే ప్రైమర్లు (తూటా అడుగున మందును అంటించే బిళ్లలు) ఉంటాయి. ప్రైమర్ మీద పిన్ను గుంత నిస్సారంగా ఉంటే లోపం తూటాది కాకపోవచ్చు. పాత తుపాకీ స్ప్రింగు అలిసిపోయి ఉంటుంది. గుంత లోతుగా పడినా పేలకపోతే అప్పుడు తూటాను అనుమానించాలి.

ఖాళీ కేసు బయటికి రాక ఇరుక్కోవడం చవక తూటాల్లో తరచూ వచ్చే ఫిర్యాదు. ఇందాక చెప్పిన ఉక్కు అడుగు దీనికి కారణం. తూటా పేలినప్పుడు ఇత్తడి వ్యాకోచించి మళ్లీ సర్దుకుంటుంది, మెత్తని ఉక్కు అంతగా సర్దుకోదు. బిగువు చాంబర్లున్న తుపాకుల్లో, అందులోనూ ప్లాస్టిక్ మసి పేరుకున్నప్పుడు, కేసు అతుక్కుపోతుంది. చాంబర్‌ను ఇత్తడి బ్రష్షుతో శుభ్రం చేస్తే చాలాసార్లు అక్కడితో తీరుతుంది. తీరకపోతే ఆ తుపాకీకి ఆ తూటా పడదని అర్థం.

ఎండ, తేమ, నిల్వ

మేలో విజయవాడ 45 డిగ్రీలు తాకుతుంది. మూసి ఎండలో నిలిపిన కారు లోపల 60 దాటుతుంది. డిక్కీలో తూటాల పెట్టె వదిలేసి టిఫినుకు వెళ్లి వచ్చేసరికి అవి చేత్తో పట్టుకోలేనంత వేడెక్కుతాయి. వేడి మందు వేగంగా కాలుతుంది, పీడనం పెరుగుతుంది. పదేపదే వేడెక్కితే మందు నాణ్యతే దెబ్బతింటుంది. 65వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాద్ వెళ్లేటప్పుడు పెట్టెలు ఏసీ గాలి తగిలేచోట, దుప్పటి కప్పి, తాళం వేసిన సంచిలో ఉంచాలి. తెల్లవారుజామున బయల్దేరితే ఈ బెంగ సగం తగ్గుతుంది.

వానాకాలంలో వేరే గొడవ. కృష్ణ ఒడ్డు తేమకు ఇత్తడి పూత ఉక్కు తుప్పు పడుతుంది, అట్టపెట్టె చెమ్మగిల్లుతుంది. రబ్బరు మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, గాలి తగిలే గోడకు కాక లోపలి గోడకు ఆనించిన ఉక్కు బీరువాలో, నేలకు అడుగు ఎత్తున ఉంచాలి. ఫ్రిజ్‌లో పెట్టకూడదు, బయటికి తీయగానే చెమ్మ కమ్ముతుంది. తుప్పు రాకూడదని నూనె రాయడం ఇంకా తప్పు. నూనె ప్రైమర్ సందులోంచి దిగి దాన్ని చంపేస్తుంది. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. పెట్టె మీద కొన్న నెల రాసి, పాతవి ముందు వాడాలి.

లైసెన్సు లోపలే ఆదా

టోకున కొంటే ధర తగ్గుతుంది, రవాణా ఖర్చూ పంచుకోవచ్చు. ఒక పెట్టెలో 25, పెద్ద అట్టపెట్టెలో 250 ఉంటాయి. 24 గ్రాముల తూటాలైతే ఆ 250 బరువు దాదాపు 9 కిలోలు. అయితే ఎవరి తూటాలు వారి లైసెన్సు మీదే, వారి పేరు బిల్లుతోనే రావాలి. నలుగురి డబ్బుతో ఒక్కరి లైసెన్సు మీద కొని పంచుకోవడం ఆయుధ చట్టం దృష్టిలో నేరం. రేంజ్‌లో పక్కవారికి అప్పుగా పెట్టె ఇవ్వడం కూడా ఆలోచించి చేయాల్సిన పనే. లైసెన్సులో ఏడాదికి ఎన్ని, ఒకసారికి ఎన్ని అని రాసి ఉంటుంది. 2020 ఫిబ్రవరిలో కేంద్ర హోంశాఖ క్రీడా షూటర్లకు ఆ పరిమితిని బాగా పెంచింది. ఆత్మరక్షణ లైసెన్సు మీదే సాధన చేస్తున్నవారు రాష్ట్ర రైఫిల్ సంఘం సభ్యత్వం, పోటీ ధ్రువపత్రాలతో క్రీడా కోటా కోసం దరఖాస్తు చేసుకోవాలి. విదేశీ తూటాలు నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ద్వారా రావాలన్నా, 'రినౌన్డ్ షాట్' గుర్తింపుతో దిగుమతి చేసుకోవాలన్నా ఆ అర్హత పత్రాలే కావాలి. మధ్యవర్తుల చేతులు తగ్గినకొద్దీ ధర తగ్గుతుంది కాబట్టి ఈ కాగితాల పనికి పెట్టిన సమయం వృథా కాదు.

కొనేటప్పుడు పెట్టె రెక్క మీది లాట్ (తయారీ విడత) నంబరు చూసి ఒకే లాట్‌వి తీసుకోవాలి. ఒకే బ్రాండులో కూడా లాట్ మారితే మందు మారవచ్చు. పోటీకి ఖరీదైన తూటా, సాధనకు చవకది అని విడదీసుకునేవారు బరువు, పెల్లెట్ కొలత, తన్ను రెండింట్లోనూ దగ్గరగా ఉండేలా ఎంచుకోవాలి. పోటీకి వారం ముందు నుంచి పోటీ తూటానే కాల్చాలి.

గరికపాడు దాటితే తెలంగాణ. లైసెన్సు చెల్లుబాటు ప్రాంతం ఆంధ్రప్రదేశ్ అని మాత్రమే ఉంటే తుపాకీతో, తూటాలతో ఆ గీత దాటకూడదు. ఆల్ ఇండియా చెల్లుబాటు రాయించుకోవడం హైదరాబాద్ రేంజ్‌కు వెళ్లాలనుకునేవారు తూటాలు కొనకముందే పూర్తిచేయాల్సిన పని. ఎన్నికల ప్రకటన రాగానే తుపాకులు స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటారు. క్రీడాకారులు మినహాయింపు కోరుతూ సంఘం లేఖతో ముందుగానే దరఖాస్తు పెట్టాలి. అది వచ్చేదాకా పెద్ద ఎత్తున తూటాలు కొని పెట్టుకోకపోవడం మంచిది, నెలల తరబడి వేసవి వేడిలో అవి బీరువాలో ఊరికే పడి ఉంటాయి.